సన్యాసమ్మ స్కేలు

కరెంటు జాగ్రత్తల గురించి జనానికి చెప్పడానికి గెడ్డవలసలో సర్కారు పెట్టిన ఆఫీసులో మంచినీళ్ల కూలరు ముట్టుకుంటే షాక్ కొడుతుంది. ఈ సంగతి ఆఫీసులో ఇరవై ముగ్గురికీ తెలుసు. తెలియకుండా ఉండే అవకాశం ఆ కూలరు ఎవరికీ ఇవ్వలేదు.

ఆ ఆఫీసు పూర్తి పేరు 'గృహ విద్యుదుపకరణముల భద్రతా ప్రమాణముల అవగాహన ఉపసంచాలక కార్యాలయము'. అంత పేరు బోర్డు మీద పట్టక చివరి రెండు మాటలూ గోడ మీద రాయించారు. ఊళ్లో వాళ్లు అవగాహనాఫీసు అని తేల్చేశారు. ఇస్త్రీ పెట్టె కొన్నా, మిక్సీ కొన్నా దాని మీద ప్రమాణ ముద్ర ఉందో లేదో చూసుకోండి, మూడు పుల్లల ప్లగ్గే వాడండి, తీగలు పీకి సాకెట్లో దూర్చకండి అని ఊరికి చెప్పడం ఆ ఆఫీసు పని. చెప్పడానికి కావలసిన కరపత్రాలు, ఫ్లెక్సీలు, మైకు సెట్టు అన్నీ ఉన్నాయి. కూలరుకి ప్లగ్గు మాత్రం లేదు.

మూడేళ్ల కిందట ఆ ప్లగ్గు కరిగిపోయింది. ఆ రోజు ఎండ మండిపోతోంది, పైగా ఎవరో పెద్దాఫీసరు వస్తున్నాడు. అందుకని తాత్కాలికంగా రెండు తీగలూ పీకి సాకెట్ బెజ్జాల్లో పెట్టి, ఊడిపోకుండా రెండు అగ్గిపుల్లలు దోపారు. మూడో బెజ్జం ఖాళీగా నోరు తెరుచుకుని ఉండిపోయింది. సర్కారీ ఆఫీసుల్లో తాత్కాలికంగా చేసినవాటికి ఉన్నంత ఆయుష్షు ఇంక దేనికీ ఉండదు. ఆ అగ్గిపుల్లలు స్టాకు రిజిస్టరులోకి కూడా ఎక్కాయి: 'అగ్గిపుల్లలు, రెండు, కూలరు నిమిత్తము.' సూపరింటెండెంటు జగ్గారావు జీవితంలో సిగరెట్ ముట్టిన మనిషి కాదు. అయినా ఆయన సొరుగులో ఎప్పుడూ ఓ అగ్గిపెట్టె ఉంటుంది. ప్రతి సోమవారం పుల్లలు మార్చి సంతకం పెడతాడు. సరిగ్గా ఆ సాకెట్ పైనే 'తీగలు సాకెట్లో దూర్చుట ప్రాణాంతకము' అన్న ఫ్లెక్సీ వేలాడుతూ ఉంటుంది. గోడ మీద మరక కనబడకుండా అక్కడ కట్టారు.

మొదట్లో ఎవరి తిప్పలు వాళ్లు పడ్డారు. జగ్గారావు చెక్క స్కేలుతో కుళాయి తిప్పేవాడు. టైపిస్టు పాత సర్క్యులర్లు నాలుగు మడతలు పెట్టి పట్టుకునేది. తరవాత ఈ బాధ అంతా ఎందుకని అందరూ గంట కొట్టడం మొదలెట్టారు. గంట కొడితే వచ్చేది సన్యాసమ్మ. ఆవిడ కాంట్రాక్టు అటెండరు, యాభై దాటిన మనిషి. రోజుకి నలభై గ్లాసులు తెచ్చేది, అంటే నలభైసార్లు షాక్ తినేది. తను మాత్రం ఇంటి నుంచి సీసాలో తెచ్చుకున్న గోరువెచ్చని నీళ్లే తాగేది. ఆ కూలరు నీళ్లు చల్లగా ఉంటాయని విన్నదే తప్ప ఆవిడకి తెలీదు.

ఆ ఆఫీసులో స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో తెలిసిన మనిషి తవిటినాయుడు ఒక్కడే. అందుకే అతనికి కరపత్రాలు కట్టలు కట్టే పని ఇచ్చారు. ఉద్యోగం పేరు టెక్నికల్ హెల్పరు. సన్యాసమ్మ గ్లాసు పట్టుకుని కూలరు వైపు నడిచినప్పుడల్లా అతను కట్టల లెక్క తప్పేవాడు. కావలసిందల్లా ముద్ర ఉన్న మూడు పుల్లల ప్లగ్గు ఒకటి, మీటరు పొడుగు తీగ, పావుగంట టైము. మూడేళ్లలో మూడు అర్జీలు పెట్టాడు. మూడోసారి డిప్యూటీ డైరెక్టర్ విశ్వంభరరావు గారు స్వయంగా పిలిపించుకున్నారు.

"నాయుడూ, మనది ఏ విభాగం?"

"అవగాహన విభాగం సార్."

"మరమ్మతుల విభాగం వేరే ఉంది. ఇవాళ వాళ్ల పని నువ్వు చేస్తే, రేపు వాళ్లొచ్చి అవగాహన కల్పిస్తే? మన మనుగడ ఏం కావాలి?"

"ఆవిడ సచ్చిపోద్ది సార్."

"అలా జరగకుండా ఉండాలంటే ఏం కావాలి? అవగాహన," అని ఆయన కళ్లజోడు సర్దుకుని ఫైలు మరమ్మతుల విభాగానికి పంపారు.

అక్కడి నుంచి జవాబు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. 'సదరు కూలరుపై ప్రమాణ ముద్ర కానరానందున, ముద్ర లేని ఉపకరణమును మరమ్మతు చేయుట నిబంధనలకు విరుద్ధము. ముద్ర ఉన్నట్లయితే మరమ్మతు అవసరమే రాదు. అయినను విషయము పరిశీలనలో ఉన్నది.' తవిటినాయుడు ఆ కాగితం రెండుసార్లు చదివి, మర్నాడు ఇంటి దగ్గర నుంచి తనే ఓ మంచి ప్లగ్గు తెచ్చాడు. జగ్గారావు కంగారుపడిపోయాడు. ఇంటి వస్తువు సర్కారు వస్తువుకి తగిలిస్తే ఆ తరవాత అది ఇంటిదా, సర్కారుదా? ఈ ప్రశ్నకి రూల్సు పుస్తకంలో జవాబు లేదు. తవిటినాయుడికి ఓ మెమో ఇచ్చి ప్లగ్గు తిరిగి పట్టుకెళ్లమన్నారు. అతను పట్టుకెళ్లలేదు. పనిముట్ల సంచీలో అడుగున దాచుకున్నాడు. సొంత ఖర్చుతో కూలరు ముందు ఓ రబ్బరు పట్ట మాత్రం పరిచాడు. కాళ్లు తుడుచుకునే పట్ట అనుకుని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సన్యాసమ్మ అరుపులు కాస్త తగ్గాయి.

వ్యవహారం అలాగే సాగిపోయేదే. కానీ ఆ ఏడు విద్యుత్ భద్రతా వారోత్సవాల ముందు రాజధాని నుంచి ఓ సర్క్యులర్ ఊడిపడింది. ప్రతి జిల్లాలోనూ 'అవగాహన శాతము' కొలిచి పంపాలట. తొంభై దాటని చోట ఉపసంచాలకుల వారి సంజాయిషీ కోరబడునట.

విశ్వంభరరావు గారు సిబ్బందిని బజారుకి తోలారు. తవిటినాయుడు కూడా ఓ కాగితం, పెన్ను పట్టుకుని తిరిగాడు. ఇస్త్రీ బండి దగ్గర ముసలమ్మని, ఈ పెట్టె మీద ప్రమాణ ముద్ర ఉందా అని అడిగాడు.

"ముద్రేటి నాయనా? ఏలిముద్రా? పింఛను దగ్గిర ఏసీసినాను కదా," అందావిడ.

సాయంత్రానికి లెక్క తేలింది. గెడ్డవలస అవగాహన శాతం నాలుగు. అందులో రెండు శాతం ఫ్లెక్సీలు అచ్చు వేసే షాపువాళ్లు. విశ్వంభరరావు గారు కుర్చీలో జారిపోయారు. నాలుగు లక్షల కరపత్రాలు పంచిన చేతులు ఆయనవి. ఆయన్ని ఓదార్చాలని జగ్గారావు ఓ మాట అన్నాడు.

"ఊరి సంగతి పోనివ్వండి సార్. మన ఆఫీసు వరకూ నూటికి నూరు. కూలరు షాక్ కొడుతుందని తెలియనివాడు మనలో ఒక్కడు లేడు."

డిప్యూటీ డైరెక్టర్ గారు నెమ్మదిగా తలెత్తారు. "వాళ్లకి కరపత్రం ఇచ్చామా?"

"లేదండి."

"ఉపన్యాసం? ప్రతిజ్ఞ? ర్యాలీ?"

"ఏమీ లేదండి."

"మరెలా తెలిసింది?"

"ముట్టుకున్నారండి."

విశ్వంభరరావు గారు లేచి నిలబడ్డారు. ఆయన మొహం మీదకి వచ్చిన వెలుగు చూసి, కరపత్రాలు కట్టలు కడుతున్న తవిటినాయుడు కట్ట సగంలో వదిలేసి లేచాడు. ఆ రోజు ఆయన రాసిన నోట్‌ఫైలు తరవాత రాజధానిలో కూడా పేరు తెచ్చుకుంది. 'కరపత్రము ద్వారా నాలుగు శాతము, స్పర్శ ద్వారా నూరు శాతము ఫలితము వచ్చుచున్నందున, ఇకపై అవగాహనను చేతికి నేరుగా అందించుటయే శాస్త్రీయమని భావించడమైనది.'

మర్నాటికల్లా కూలరు సాకెట్‌తో, ఫ్లెక్సీతో, రబ్బరు పట్టతో సహా వరండాలోకి వచ్చింది. మెడలో బంతిపూల దండ. పైన 'అనుభవపూర్వక అవగాహనా యూనిట్' అని బోర్డు. దాని కింద 'ముట్టండి! మేలుకోండి!' అని నినాదం. ముట్టుకున్నవాళ్లకి అక్కడికక్కడే సర్టిఫికెట్ ఇచ్చేవారు. 'శ్రీ/శ్రీమతి ఫలానా వారు ఈ దినమున షాక్ పొంది అవగాహన కలిగియున్నారని ధ్రువీకరించడమైనది.'

సర్టిఫికెట్ అనేసరికి జనం ఎగబడ్డారు. దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టే, ఎప్పుడో దేనికో అడిగితే లేదనకుండా ఉండాలని క్యూ కట్టారు. కాలేజీలు బస్సులు వేసుకుని వచ్చాయి. మంగలి అప్పన్న తన సర్టిఫికెట్ పుచ్చుకుని, భార్యకి జ్వరంగా ఉంది, ఆవిడది కూడా ఇమ్మన్నాడు. నిబంధనలు ఒప్పుకోవన్నారు. సరే, ఆవిడ తరఫున నేనే ఇంకోసారి ముట్టుకుంటానని చెయ్యి పెట్టేశాడు. క్యూలో నిలబడ్డ ఓ పెద్దమనిషి మూడుసార్లు ముట్టుకుని, షాక్ సరిగా తగల్లేదని ఫిర్యాదు రాసిచ్చాడు. ఆ ఫిర్యాదు మీద విచారణ కూడా జరిగింది.

తవిటినాయుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రబ్బరు పట్ట పక్కనే నించుని, ఎవరి కాలూ పట్ట దాటకుండా చూసుకునేవాడు. "పట్ట మీద నించోండి బాబూ, పట్ట మీద," అని అరిచి అరిచి గొంతు పోయింది. రెండు వారాల్లో అవగాహన తొంభై ఒకటికి చేరింది. విశ్వంభరరావు గారి ఫొటో పేపర్లో వచ్చింది, చెయ్యి కూలరుకి జానెడు దూరంలో.

రాజధాని వారు మురిసిపోయారు. జిల్లాలో ఇరవై ఆరు మండలాలకీ ఇలాంటి యూనిట్లు పెట్టాలన్నారు. కానీ ఓ మెలిక పెట్టారు. మనమే ప్రమాణాల గురించి చెబుతూ, ఒక్కో మండలంలో ఒక్కో రకం షాక్ ఇస్తే జనం ఏమనుకుంటారు? షాక్‌కి కూడా ప్రమాణం ఉండాలి. ఏకరూపత ఉండాలి. ముద్ర ఉండాలి. అందుకో కమిటీ వెయ్యాలి.

కమిటీ కూర్చున్న రోజు తవిటినాయుడు మీటరు పట్టుకెళ్లాడు. "కరెంటు ఎంత పారుతోందో దీన్లో తెలిసిపోద్ది సార్. ఎంత దాటితే మనిషి పోతాడో అది కూడా..."

"మీటరు అంకెలు చెబుతుంది నాయుడూ. సామాన్య ప్రజానీకానికి అంకెలు తెలియవు," అన్నారు విశ్వంభరరావు గారు. "అరుపు తెలుస్తుంది. ఈ జిల్లాలో అందరికన్నా ఎక్కువ అనుభవం ఉన్న అరుపు ఎవరిది?"

అందరూ సన్యాసమ్మ వైపు చూశారు. ఆవిడ టీ కప్పులు తీస్తోంది.

అలా పుట్టింది సన్యాసమ్మ స్కేలు. రోజూ పదిన్నరకి ఆవిడ కూలరు ముట్టుకోవాలి. పక్క గదిలోంచి జగ్గారావు విని స్థాయి నమోదు చేసుకోవాలి. 'ఇస్స్' అంటే ఒకటి. 'అబ్బ' అంటే రెండు. 'ఓలమ్మ' అంటే మూడు. 'ఓలమ్మో ఓర్నాయనో' అని గ్లాసు జారవిడిస్తే నాలుగు. కమిటీ నాలుగు రోజులు చర్చించి అయిదు కూడా పెట్టింది. అయిదంటే 'మాట వెలువడదు.'

తవిటినాయుడు ముందుకొచ్చాడు. "మాట రాకపోడమంటే ఏటి సార్?"

"నాలుగు తరవాత వచ్చేది."

"అంటే మనిషి..."

"అంతకు మించినది వైద్య ఆరోగ్య శాఖ పరిధిలోకి వస్తుంది," అని జగ్గారావు పట్టిక కింద గీత గీసేశాడు.

ఎనిమిది వారాల్లో రిజిస్టరు నిండింది. ఒకట్లు, రెండ్లు, ముసురు పట్టిన రోజుల్లో మూడ్లు. గోడ తడిసిన రోజు ఓ నాలుగు. అయిదో గడి మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. ఆ ఖాళీ గడిని రాజధానిలో ఎవరో కనిపెట్టారు. 'అయిదవ స్థాయికి ఆచరణాత్మక రుజువు జతపరచబడలేదు. రుజువు లేని ప్రమాణమునకు ముద్ర వేయజాలము. కావున వారోత్సవాల ప్రారంభమున కమిషనర్ గారి సమక్షమున సదరు స్థాయిని ప్రదర్శింపవలెను.'

ఆ ఉత్తరం మీద విశ్వంభరరావు గారు చకచకా ఏర్పాట్లు రాశారు. రబ్బరు పట్ట ప్రామాణిక పరీక్షకి ఆటంకం, తీసెయ్యాలి. నేల తడపాలి. పరికరం, అంటే సన్యాసమ్మ, చెప్పులు లేకుండా నించోవాలి. తవిటినాయుడు ఆయన గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్లాడు. ఇది హత్య సార్ అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఆయన నొచ్చుకున్నారు. భావోద్వేగాలకి ఫారం లేదన్నారు. అక్కడితో ఆగకుండా, కూలరు ఇప్పుడు 'అవగాహనా ఆస్తి' అనీ, దాని మీద చెయ్యి వేసి స్థాయి తగ్గించినవాళ్లకి ఉద్యోగం ఉండదనీ సర్క్యులర్ తీసి అతని చేతే సంతకం పెట్టించుకున్నారు.

బయటికొచ్చేసరికి సన్యాసమ్మ ఆఫీసు వెనక, కరెంటుని భూమిలోకి దింపే ఎర్తు గుంటలో నీళ్లు పోస్తోంది. గుంట తడిగా ఉంటేనే పనిచేస్తుందని ఎప్పుడో తవిటినాయుడే చెప్పాడు. అప్పణ్ణించి ఒక్క రోజు మానకుండా పోస్తోంది. బిల్డింగుకి బ్రహ్మాండమైన ఎర్తు ఉంది. అది వెళ్లి ఆ సాకెట్ మూడో బెజ్జం దగ్గర మూడేళ్లుగా ఎదురు చూస్తోంది.

"అప్పా, రేపు నువ్వు రాకు. ఒంట్లో బాగోలేదని సెప్పీ."

"నాన్రాపోతే ఎల్లుండి నుంచి ఇంక రావద్దంతారు. పదిమంది కాసుకోని ఉన్నారు ఈ పనికి," అంది సన్యాసమ్మ. బిందె కింద పెట్టి అతని మొహం చూసి నవ్వింది. "ఏటలాగైపోనావు తమ్ముడూ? మూడేళ్లబట్టీ రోజుకి నలబైసార్లు సత్తన్నాను. ఇంకోపాలికి నానేటి జంకుతానా?"

"అది ఈ బాపతు కాదప్పా."

"తెల్సు. కాళ్లు తడిపీమన్నారు కదా. నాకూ తెల్సు," అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. చెప్పులు గుంట దగ్గరే మరిచిపోవడం అతను చూశాడు. అంత కోపం తవిటినాయుడికి తన పెళ్లిలో బావమరిది అలిగినప్పుడు కూడా రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు ముందే సభ, వరండాయే వేదిక. పన్నెండింటికి ఆఫీసు యావత్తూ ప్రతిజ్ఞ రిహార్సలుకి టౌను హాలుకి వెళ్లింది. సన్యాసమ్మని కూడా జీపులో ఎక్కించుకుపోయారు. పరికరం దారిలో పాడవకూడదని ముందు సీటు ఇచ్చారు. కూలరుకి కాపలాగా తవిటినాయుణ్ని ఉంచారు. ఆస్తి సర్క్యులర్ మీద అతని సంతకం ఉంది కదా.

అతను మెయిన్ ఆపాడు. కూలరు వెనక రేకు విప్పాడు. లోపల ఓ తీగ పైతొడుగు రాసుకుని రాసుకుని ఊడిపోయి, బోసి రాగి రేకుకి ఆనుకుని కూచుంది. మూడేళ్ల భాగవతం అంతా ఆ అంగుళం మేర రాగిలోనే ఉంది. ఆ తీగ తీసి కొత్తది వేశాడు. రేకుకి ఆకుపచ్చ తీగ బిగించాడు. సంచీ అడుగు నుంచి ప్లగ్గు తీశాడు. అగ్గిపుల్లలు రెండూ పీకి చొక్కా జేబులో వేసుకుని, ప్లగ్గు సాకెట్లో పెట్టాడు. మూడో పుల్ల మూడో బెజ్జంలోకి మెత్తగా దిగింది. మెయిన్ వేసి టెస్టరు పెట్టాడు, వెలగలేదు. మీటరు పెట్టాడు, ముల్లు కదల్లేదు. ఆఖరికి చెప్పులు విప్పి, నేల మీద నీళ్లు గుమ్మరించుకుని, తన అరచెయ్యే ఆనించాడు. చల్లగా ఉంది, అంతే. అతనికి ఏడుపొచ్చింది. ఫ్లెక్సీ కాస్త కిందికి లాగి ప్లగ్గు కనబడకుండా కప్పేశాడు. మొత్తం పదమూడు నిమిషాలు పట్టింది.

సన్యాసమ్మకి చెబుదామంటే వీలు చిక్కలేదు. ఆవిణ్ని సరాసరి వేదిక మీదికి తీసుకొచ్చి దండ వేసి కూర్చోబెట్టారు. కింద నుంచి తవిటినాయుడు చెయ్యి ఊపాడు, తల ఆడించాడు, కూలరు ముట్టుకున్నట్టు నటించి నవ్వు మొహం పెట్టాడు. ఆవిడ దానికి కళ్లు తుడుచుకుని ఓ దండం పెట్టింది. ఇంత చేసీ ఇప్పుడు ఇంకో భయం పట్టుకుందతనికి. ఆవిడ చెయ్యి పెడుతుంది, ఏమీ అవదు, స్థాయి సున్నా అని తేలుతుంది, ఫ్లెక్సీ ఎత్తి చూస్తారు. రేపటి నుంచి తన ఉద్యోగం గోవిందా.

కమిషనర్ గారు రాజధాని నుంచి వచ్చిన పెద్దావిడ. మైకు అందుకుని, భద్రత అనేది ఒక గమ్యం కాదనీ, ప్రస్థానమనీ, ఆ ప్రస్థానంలో గెడ్డవలస ఒక మైలురాయి అనీ, ఆ రాయిని తాకే భాగ్యం తనకి కలిగిందనీ అరగంట సెలవిచ్చారు. ఫ్లెక్సీల షాపువాడు చప్పట్లు కొట్టాడు. వైద్య శాఖ నుంచి ఓ డాక్టరు గారు స్ట్రెచరుతో సహా వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. నేల తడిపారు. పట్ట లాగేశారు. జగ్గారావు రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకున్నాడు.

సన్యాసమ్మ చెప్పులు విప్పి నీళ్లలో నించుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. పళ్లు బిగించి, ఏదో దేవుడి పేరు గొణుక్కుని, చెయ్యి చాచి కూలరు మీద పెట్టింది.

ఏమీ అవలేదు.

ఆవిడ అలాగే నిలబడిపోయింది. ఒక కన్ను తెరిచింది. తన చెయ్యి కూలరు మీద ఉందో లేదో చూసుకుంది. ఉంది. రెండో చెయ్యి కూడా పెట్టి చూసింది. నోరు తెరుచుకుంది గానీ అందులోంచి మాట రాలేదు. మూడేళ్లలో మొదటిసారి ఆ కూలరు ముందు ఆవిడకి అనడానికి ఏమీ దొరకలేదు. అలా నోరు తెరుచుకునే తవిటినాయుడి వైపు తిరిగింది. తవిటినాయుడు, "అరు అప్పా, నీ పున్నెముంటాది, ఓపాలి అరు," అని మనసులో మొక్కుకున్నాడు.

జగ్గారావు వంగి విశ్వంభరరావు గారి చెవిలో అన్నాడు. "అరుపు లేదు సార్."

"ఏ అరుపూ లేదా?"

"మాటే వెలువడలేదండి."

ఇద్దరూ ఒక్కసారే పట్టిక వైపు చూశారు. విశ్వంభరరావు గారు మైకు లాక్కున్నారు. "అయిదు! మిత్రులారా, అయిదవ స్థాయి!"

వరండా దద్దరిల్లిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డాక్టరు గారు పరుగున వెళ్లి సన్యాసమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. "బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు, స్ట్రెచరు వైపు కాస్త దిగులుగా చూస్తూ. అయిదో స్థాయి షాక్ తిని కూడా మనిషి చెక్కుచెదరలేదంటే అది కేవలం అవగాహనా బలమేనని విశ్వంభరరావు గారు అక్కడికక్కడే తేల్చారు. కమిషనర్ గారికి ఉత్సాహం ఆగలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగి, కూలరు మీద చెయ్యి వేశారు. ఓ కాంట్రాక్టు అటెండరు అయిదు తట్టుకున్నాక, కమిషనర్ అయ్యుండి ఏమీ తెలియలేదంటే ఏం బావుంటుంది? ఆవిడ కళ్లు అరమోడ్చి, మాట వెలువడకుండా పూర్తి నిమిషం నించున్నారు. తరవాత విశ్వంభరరావు గారు నించున్నారు. తరవాత జగ్గారావు, స్కేలు లేకుండా. తరవాత సభలో ఉన్న రెండు వందల మందీ క్యూ కట్టి ఒక్కొక్కరే అయిదో స్థాయి అందుకుని, ఎవరితో ఏమీ మాట్లాడకుండా గంభీరంగా దిగి వెళ్లారు. మంగలి అప్పన్న ఈసారి భార్యని కూడా తెచ్చాడు.

నవ్వు ఆపుకోలేక తవిటినాయుడు స్తంభం వెనక్కి పోయి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫ్లెక్సీ జారింది.

"ఈ ఆకుపచ్చ తీగ ఏమిటి?" కమిషనర్ గారు వంగి చూశారు. "ఈ ప్లగ్గు?"

విశ్వంభరరావు గారి మొహం పాలిపోయింది. సభంతా తవిటినాయుడి వైపు తిరిగింది. అతను తువ్వాలు నోట్లోంచి తీసి చేతులు కట్టుకున్నాడు.

"అయిదో స్థాయి రావాలంటే ఆ తీగ ఉండాలండి," అన్నాడు. ఒక్క అక్షరం అబద్ధం లేదందులో.

"అద్భుతం!" అన్నారు కమిషనర్ గారు. అక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. ఇరవై ఆరు మండలాల్లోనూ యూనిట్లు అచ్చం ఇలాగే ఉండాలి. ఇదే ప్లగ్గు, ఇదే తీగ, లోపల ఇవే బిగింపులు. ఒక్క మర తేడా వచ్చినా, ఎక్కడైనా చిన్న అరుపు వినబడినా స్థాయి తగ్గినట్టు భావించి చర్య తీసుకోవాలి. కూలరు నుదుటి మీద ప్రమాణ ముద్ర పడింది. ఆ మాటకొస్తే ఆ జిల్లాలో ముద్రకి తగ్గట్టు ఉన్న వస్తువు ఆ రోజుకి అదొక్కటే.

మర్నాడు సన్యాసమ్మ రబ్బరు పట్ట లేకుండా, తడి కాళ్లతో వెళ్లి కూలరు కుళాయి తిప్పి గ్లాసు నింపింది. ఎవరూ గంట కొట్టలేదు. గుక్కెడు తాగి కళ్లు మూసుకుంది.

"ఓలమ్మ," అంది. "ఇంత సల్లగుంతాదేటి!"

పక్క గదిలో జగ్గారావు ఉలిక్కిపడి మూడు అని రాయబోయాడు. తవిటినాయుడు వెళ్లి అది నీళ్ల గురించని నచ్చజెప్పి, అయిదు వేయించాడు. రోజులు అలాగే గడిచాయి. రిజిస్టరు నిండా అయిదులే. షాక్ ఇంత ఎక్కువగా ఉన్నా జిల్లాలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదంటే అది అవగాహన చేసిన మేలేనని విశ్వంభరరావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

రెండు నెలలు పోయాక ఓ పొద్దున్న మరమ్మతుల విభాగం ఫోర్‌మన్ భూలోకం కటింగ్ ప్లయరు పట్టుకుని దిగాడు. తవిటినాయుడు ఎప్పుడో పెట్టిన అర్జీ పరిశీలన ముగిసిందట. చేతిలో ఉత్తర్వు ఉంది. 'సదరు కూలరును స్టాకు రిజిస్టరులో ఉన్న ప్రకారము యథాస్థితికి తెచ్చుటకు అనుమతించడమైనది.' రిజిస్టరులో ఆకుపచ్చ తీగ లేదు. ప్లగ్గు లేదు. ఉన్నవి అగ్గిపుల్లలు రెండు, కూలరు నిమిత్తం. భూలోకం కొత్త అగ్గిపెట్టె కూడా వెంట తెచ్చుకున్నాడు.

తవిటినాయుడు అడ్డం వెళ్లాడు. భూలోకం ఉత్తర్వు చూపించాడు. సంతకాలు అన్నీ సరిగానే ఉన్నాయి. కమిషనర్ గారి ఉత్తర్వు కాపీ రాజధాని నుంచి ఇంకా రానేలేదు కాబట్టి తవిటినాయుడి దగ్గర ఏ కాగితమూ లేదు. భూలోకం వంగి ఆకుపచ్చ తీగని ప్లయరు మధ్య పెట్టాడు.

"ఒరే," అంది వెనక నుంచి సన్యాసమ్మ.

ఆవిడ చేతిలో వాకిలి తుడిచే చీపురుంది. దాన్ని తిరగేసి కర్ర వైపు పట్టుకుంది. "ఆ తీగ కొయ్యి సూద్దాం. మూడేళ్లు నానీ కూలరు దగ్గిర ఎన్ని తిన్నానో అన్నీ నీకు ఒక్కపాలే పెడతాను. కాయితం సూపించకు. నాకు సదువు రాదు."

భూలోకం ఆవిడ చేతి వైపు చూశాడు. మొహం వైపు చూశాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఎంతసేపటికీ మాట రాలేదు. ప్లయరు నెమ్మదిగా జేబులో పెట్టుకుని, అగ్గిపెట్టె అక్కడే మరిచిపోయి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గోడ మీద గడియారం పదిన్నర కొట్టింది. పక్క గదిలోంచి జగ్గారావు కేకేశాడు. "సన్యాసమ్మా, ఏమీ వినబడలేదు. ఇవాళ స్థాయి ఎంత?"

సన్యాసమ్మ చీపురు గోడకి ఆనించి, కూలరు దగ్గరికెళ్లి రెండు గ్లాసులు నింపి, ఒకటి తవిటినాయుడి చేతిలో పెట్టింది.

"అయిదే బాబూ," అంది. "రాసీసుకోండి."